టికెట్ కొనేముందు హాలు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నాటకాల గురించే. పెద్ద ఊళ్లకు వెళ్లి ఏది చూడాలి, ఎక్కడ కూర్చోవాలి అని చిత్తూరు, తిరుపతి వైపు పాఠకులు అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

నలుగురం స్నేహితులం. ఆదివారం బెంగళూరు పోయి ఒక నాటకం చూసుకుని ఆ రాత్రికే ఇల్లు చేరాలని ఉంది. చిన్న థియేటర్లో నాటకం చూడడం మాకు ఇదే మొదలు. ఎట్లా ఎంచుకోవాలి?
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

అదే రోజు తిరిగి రావాలంటే మధ్యాహ్నం ఆట ఒక్కటే దారి. జేపీ నగర్‌లోని రంగశంకరలో సోమవారం తప్ప దాదాపు రోజూ రాత్రి ఏడున్నరకు నాటకం ఉంటుంది. శని, ఆదివారాల్లో చాలాసార్లు మధ్యాహ్నం మూడున్నరకు కూడా వేస్తారు. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం ఆయన భార్య అరుంధతీ నాగ్ పూనికతో 2004లో మొదలైన ఈ థియేటర్లో సీట్లు సుమారు మూడు వందలు. గంట కొట్టి తలుపు వేశాక ఎవరినీ లోపలికి రానివ్వరు. బస్సు ఆలస్యమైందన్నా, చేతిలో టికెట్ ఉందన్నా అంతే. మనవైపు నుంచి వెళ్లేవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే.

చిత్తూరు నుంచి బస్సులో నాలుగు గంటలు పడుతుందనుకోండి. ఉదయం ఎనిమిదికి ఎక్కితే పన్నెండుకు బెంగళూరు అంచున ఉన్న కేఆర్ పురం. ఊరి నడిమి మెజెస్టిక్ బస్టాండు దాకా బస్సులో కూర్చోకుండా కేఆర్ పురంలోనే దిగి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కండి. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, జయనగర్‌లోనో ఆర్వీ రోడ్డులోనో దిగితే అక్కడినుంచి ఆటో. ఒంటిగంటన్నర, రెండుకు చేరతారు. భోంచేసి మూడింటికల్లా తలుపు దగ్గర ఉండండి. చిన్న హాళ్లలో చాలావాటికి సీటు నంబర్లుండవు, ముందొచ్చినవాళ్లదే మంచి చోటు. నలుగురూ పక్కపక్కన కూర్చోవాలన్నా ఇది తప్పదు. వైట్‌ఫీల్డ్ వైపున్న జాగృతి థియేటర్ ఇంకా చిన్నది, రెండు వందల సీట్లు. ఊరంతా అడ్డంగా దాటిపోయే పని ఉండదు కాబట్టి కోలారు దారిన వచ్చేవాళ్లకు అనుకూలం. కాకపోతే అక్కడ ఎక్కువగా ఇంగ్లీషు నాటకాలే.

ఇక నాటకం ఎంపిక. పోస్టరూ పేరూ చూసి మోసపోవద్దు. టికెట్ పేజీలో మూడు సంగతులు వెతకండి: భాష, నిడివి, విరామం ఉందా లేదా. సరిహద్దు ఊళ్లవాళ్లు కాబట్టి కన్నడం మీకు సగమైనా అందుతుంది. ఆ సగంతో చూసే కన్నడ హాస్యనాటకం, రెండు గంటలపాటు సోఫాల్లో కూర్చుని మాట్లాడుకునే ఇంగ్లీషు నాటకం కన్నా మేలని మా అభిప్రాయం. మొదటిసారి కాబట్టి డెబ్బై నుంచి తొంభై నిమిషాల నిడివి, ముగ్గురి నుంచి ఆరుగురు నటులు ఉన్నది తీసుకోండి. ఒకే మనిషి నడిపే ఏకపాత్ర జోలికి ఇప్పుడే పోవద్దు. బాగుంటే అంత గొప్పది ఇంకోటి ఉండదు, బాగాలేకపోతే మాత్రం తప్పించుకునే సందుండదు. కొత్త నాటకం మొదటి రోజు ఆట కన్నా ఐదో ఆటో ఆరో ఆటో నయం. అప్పటికి లైట్ల సమయం కుదురుతుంది, సాగిన సీన్లను కత్తిరించి ఉంటారు. పేజీలో కథ గురించి ఒక్క వాక్యమైనా లేకుండా ‘ఒక అనుభూతి’, ‘ఒక ప్రయాణం’ అని మాత్రమే రాసి ఉంటే, ఆ ఆదివారం ఇంకో నాటకం వెతుక్కోండి.

మ్యూజికల్ అంటే మన పద్యనాటకం లాంటిదేనా? చెన్నైలో ఒకటి వేస్తున్నారట, వెళ్లాలా వద్దా?
– బైరాగిపట్టెడ, తిరుపతి

పాడుతూ కథ నడపడం వరకూ రెండూ ఒకటే. తేడా వాయిద్యం దగ్గర వస్తుంది. పద్యనాటకంలో హార్మోనిస్టు నటుడి శ్రుతి పట్టుకుని అతని వెనకే నడుస్తాడు. నటుడు రాగం సాగదీస్తే సాగనిస్తాడు, ఊపిరి చాలక ఆగితే ఆ ఖాళీని తానే నింపుతాడు, ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ ఎత్తుకుంటాడు. మ్యూజికల్లో పాట నిడివి ముందే లెక్క కట్టి ఉంటుంది, దాంతోపాటే నాట్యం, లైట్లు, తెర మార్పు. ప్రత్యక్ష బృందం వాయిస్తుంటే నటుడు తడబడినా సర్దుకునే వీలుంది. రికార్డు చేసిన ట్రాక్ అయితే లేదు. ఒక్క మాట వెనకబడితే పాటంతా వెనకబడుతుంది, మీకు తెలిసిపోతుంది కూడా. అందుకని టికెట్ కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి: వాయిద్యాలు లైవా, ట్రాకా? పాడేది నటులేనా, పెదాలు కదుపుతారా? జవాబు సూటిగా రాకపోతే ట్రాక్ అనే అనుకోండి. ట్రాక్ మీద ఆడే మ్యూజికల్‌కు పెద్ద ధర పెట్టొద్దు, వెనక వరస టికెట్ చాలు.

కూర్చునే చోటు గురించి కూడా అడిగారు. నూరు, నూటయాభై మంది పట్టే గదిలో మైకులుండవు. ప్రేక్షకులు మూడువైపులా కూర్చునే వేదికైతే నడిమి వైపు రెండో వరసో మూడో వరసో పట్టండి. పక్క వైపుల్లో సగంసేపు నటుల వీపులే కనిపిస్తాయి. ముందు వరసలో మెడ నొప్పి, పైగా నటుడు మీ కాళ్ల మీదుగా నడిచిపోవచ్చు. తిరుపతిలోని మహతి లాంటి పెద్ద ఆడిటోరియంలో లెక్క వేరు. వేదిక అంచున రెండుమూడు మైకులు, పైనుంచి వేలాడే మైకులు పెడతారు. నటుడు వెనక్కి తిరిగాడా, మాట సగం మింగేసినట్టు వినిపిస్తుంది. స్పీకరు పెట్టె ఎదురుగా కాకుండా, మధ్యలో ఐదు నుంచి ఎనిమిదో వరస మంచిది. అంతకన్నా వెనక్కి పోతే ముఖాలు కనపడవు, పద్యం మాత్రం వినపడుతుంది.

పరిషత్తు నాటక పోటీలు ఉచితమే కదా, ఎన్ని గంటలకు పోవాలి?
– శ్రీకాళహస్తి

కరపత్రంలో ఆరు అని ఉంటే ఏడు అనుకోండి. జ్యోతి వెలిగించడం, సన్మానం, ఉపన్యాసాలు అయ్యాకే తెర లేస్తుంది. నాటిక ఒక్కోటి గంట లోపే, కానీ రెండు నాటికల మధ్య సెట్టు మార్చడానికి అరగంట పోతుంది. ఆ రాత్రి వేసే మూడు నాటికలూ చూడాలనుకుంటే ఇంట్లో తినే వెళ్లండి. ఒక్కటే చూసే ఓపికుంటే రెండోది చూడండి. అప్పటికి సౌండు కుదురుతుంది, జనం ఇంకా ఇళ్లకు పోయి ఉండరు.

సెలవులకు హైదరాబాద్ వెళ్తున్నాం. ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు. సురభి నాటకం చూపించవచ్చా?
– పలమనేరు

పిల్లలకు మొదటి నాటకంగా ఇంతకన్నా మంచిది మాకు తెలీదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజం అది. తరాలుగా ఒకే ఇంటివాళ్లు వేషం వేస్తూ, తెర లాగుతూ, రంగులు పూస్తూ వస్తున్నారు. గాల్లో తేలే మనుషులు, ఎదురెదురుగా వచ్చి ఢీకొనే బాణాలు, మాయమయ్యే వస్తువులు, అన్నీ తాళ్లు, కప్పీలు, తెరల మీదే నడుస్తాయి. అందుకే మొదటి రెండు వరసలు వద్దు. దగ్గరైతే తీగ కనిపిస్తుంది, పిల్లవాడి మాయ అక్కడికి అయిపోతుంది. మధ్యలో ఆరు నుంచి పదో వరస సరిపోతుంది.

కథ ముందే ఇంట్లో చెప్పండి. ఘటోత్కచుడు ఎవరో తెలిసిన పాప అరుపుకు ఉలిక్కిపడుతుంది కానీ ఏడవదు. పొగ, నిప్పు వాడతారు కాబట్టి ఆయాసం ఉన్న పిల్లలైతే చివరి సీటు, తలుపు పక్కన. ప్రదర్శన ఉందో లేదో రెండు రోజుల ముందు ఫోను చేసి కనుక్కోండి. సమాజం వేరే ఊరికి వెళ్లి ఉండవచ్చు.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. ఈ వేసవికి మేమిద్దరం అక్కడికి పోతున్నాం. బ్రాడ్‌వే చూపిస్తానంటాడు, కోడలేమో చిన్న థియేటర్ అయితేనే మీకు నచ్చుతుందంటుంది. ఎవరి మాట వినాలి?
– తిరుచానూరు

కోడలి మాట. ముందు పేర్లు అర్థం చేసుకోండి. న్యూయార్క్ థియేటర్లకు వాడే బ్రాడ్‌వే, ఆఫ్-బ్రాడ్‌వే అనేవి నాణ్యత చెప్పే మాటలు కావు, హాలు కొలతలు. ఐదు వందలు, అంతకు మించి సీట్లుంటే బ్రాడ్‌వే. నూరు నుంచి నాలుగు వందల తొంభై తొమ్మిది దాకా ఆఫ్-బ్రాడ్‌వే. అంతకన్నా చిన్నవి ఆఫ్-ఆఫ్. నలభై రెండేళ్లు (1960 నుంచి 2002) ఆగకుండా ఆడి 17,162 ప్రదర్శనలు పూర్తిచేసిన మ్యూజికల్ ‘ది ఫాంటాస్టిక్స్’ నడిచింది 153 సీట్ల గదిలోనే. ఇంగ్లీషు పాట చెవికి అందాలంటే నోరు కనపడాలి. పెద్ద హాలు బాల్కనీలో అది కనపడదు.

అయినా అబ్బాయి ముచ్చట పడితే ఒకటి పెద్దది కూడా చూడండి, కానీ బుధవారమో శనివారమో మధ్యాహ్నం రెండింటి ఆటకు. చీకటి పడకముందే ట్రైనులో ఇల్లు చేరవచ్చు. పాత థియేటర్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, పై అంతస్తుల మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తులో నడవా పక్క సీటు అడగమనండి. విరామం పదిహేను నిమిషాలే, ఆడవాళ్ల మరుగుదొడ్డి దగ్గర వరస దానికి రెండింతలు ఉంటుంది, ఆట మొదలవకముందే వెళ్లొచ్చేయండి. వేసవైనా శాలువా తప్పనిసరి, ఏసీ అంత చల్లగా ఉంటుంది.

టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్ ఉంది. అక్కడ ఆ రోజు మిగిలిన టికెట్లు సగం ధర దాకా తగ్గించి ఇస్తారు. కాకపోతే నిలబడాలి, ఏది దొరికితే అది. మీ వయసుకు ఆ పని అబ్బాయికి అప్పగించండి. ముందుగా కొనేటట్టయితే థియేటర్ సొంత సైట్లోనే కొనాలి. మారుబేరం సైట్లలో అదే సీటు ఎక్కువ ధరకు కనిపిస్తుంది.

కథ చదివి, పాటలు రెండుసార్లు విని వెళ్లండి. ఇదేం కొత్త కాదు. రాయబారం సీన్లో కృష్ణుడు ఏం చెప్తాడో తెలియకుండా మనలో ఎవరైనా కూర్చున్నారా?

అమెరికా నుంచి మనవళ్లు వస్తున్నారు. మా ఊళ్లో భారతం (మహాభారత కథను వీధినాటకంగా ఆడే ఉత్సవం) జరుగుతుంది. పద్దెనిమిది రోజుల్లో వాళ్లకు ఏ రోజు చూపిస్తే బాగుంటుంది? తెల్లవార్లూ కూర్చోలేరు.
– పుత్తూరు దగ్గర ఒక పల్లె

ఒక రాత్రి, ఒక పగలు చాలు. పగటికి అర్జున తపస్సు. వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపసుమాను (తపస్సు కోసం నాటిన పొడవాటి మాను) ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు, కింద పిల్లలు లేని ఆడవాళ్లు కొంగు పట్టి ఉంటారు. మాను మొదట్లో నిలబడితే మెడ ఎత్తడమే సరిపోతుంది, తోపులాట కూడా అక్కడే. యాభై అడుగులు వెనక్కి, ఎండ వీపుకు తగిలేటట్టు నిలబెట్టండి. గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం.

రాత్రికి ద్రౌపదీ వస్త్రాపహరణమో కర్ణ మోక్షమో ఎంచుకోండి. పదింటికి మొదలవుతుందంటారు, మొదటి గంట ప్రార్థనకూ బఫూన్ హాస్యానికీ పోతుంది. పిల్లల్ని సాయంత్రం నిద్రపుచ్చి పదకొండున్నరకు లేపి తీసుకెళ్లండి. చూపించవలసింది కిరీటం వేషం ప్రవేశం. ఇద్దరు మనుషులు ఒక దుప్పటిని తెరగా పట్టుకుంటారు. దాని వెనక గజ్జెల చప్పుడు, తెర పైన కిరీటం కొస, కింద పాదాలు మాత్రమే కనిపిస్తాయి. మద్దెల ఊపందుకునే కొద్దీ వేషగాడు తెరను పట్టి ఊపుతాడు. తీసేసరికి భుజకీర్తుల అద్దాల మీద లైటు పడి మెరుస్తుంది. ఇది బాగా కనపడాలంటే తెరకు సూటిగా కాకుండా మద్దెలవాడున్న పక్కన, చాప వేసుకుని కూర్చోండి. వేషగాడు మొదట తిరిగేది అటే. రెండో వేషం అయ్యాక పిల్లలు తూగుతుంటే ఇంటికి తీసుకుపోవచ్చు.