వ్యాను వెనుక స్కూటరు ఎక్కించే ముందు పాలసీ కాగితాలు తీయండి

ప్రశ్న: మాది అనంతపురం. పదహారేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము, ప్రస్తుతం ఇల్లు కె.ఆర్.పురంలో. నా వయసు 41. జీతం చేతికి 1,45,000 వస్తుంది. మా శ్రీమతి టీచరు, ఆమెకు 38,000. ఇద్దరు పిల్లలు. ఇంటి రుణం ఇంకా 46 లక్షలుంది, వాయిదా 52,000. సిప్‌లకు నెలకు 20,000, చిట్టీకి 25,000 కడుతున్నాను. చిట్టీ 5 లక్షలది, 20 నెలల్లో 13 పూర్తయ్యాయి. నిరుడు దాచుకున్న డబ్బుతో 11 లక్షలకు ఒక పాత టెంపో ట్రావెలరు కొన్నాము. లోపల పడకలు, వంటగట్టు ముందు యజమానే పెట్టించారు. దాని వెనుక ఛాసిస్‌కు ర్యాకు కట్టించి మా యాక్టివాను వెంట తీసుకువెళ్లాలని, దానితోపాటు లిథియం బ్యాటరీ, సోలారు పలకలు, ఏసీ పెట్టించాలని ఉంది. మొత్తం 6 లక్షలవుతుంది. బ్యాంకు యాప్‌లో 14 శాతానికి వ్యక్తిగత రుణం సిద్ధంగా చూపిస్తోంది, ఐదేళ్ల గడువు. అది తీసుకోమంటారా, ఆవిడ బంగారం కుదువ పెట్టమంటారా, చిట్టీ ఇప్పుడే పాడుకోమంటారా? ఖాతాలో 1,20,000 ఉంది. ఇన్సూరెన్సు విషయంలో ఇబ్బంది లేదు. స్కూటరుకు 2028 దాకా ఉంది, ఆరోగ్యానికి కంపెనీ ఇచ్చిన 5 లక్షల కవరు ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. ఇలాంటి మాట నెలకు ఇద్దరు ముగ్గురి నోట వింటున్నాను కాబట్టి మీ ఒక్కరికే కాక అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ 2028 సంగతి చూద్దాం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ఒకేసారి ఐదేళ్లకు ఇస్తున్నారు, కానీ దానితో కలిపి ఇచ్చే సొంత నష్టం కవరు చాలామంది విషయంలో ఒక్క ఏడాదికే ఉంటుంది. మీ పాలసీ కాగితం మొదటి పేజీలో రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి 2028 అయితే, దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న రెండోది బహుశా 2024 అయి ఉంటుంది. అదే నిజమైతే మీ స్కూటరుకు గత రెండేళ్లుగా దొంగతనానికి గాని, నిప్పుకు గాని, పడి విరగడానికి గాని పైసా రక్షణ లేదు. ఇందులో మీకు నేరుగా సంబంధించిన విషయం మరొకటుంది. మన దేశంలో ఈ రెండు కవర్లూ కలిసిన ప్రామాణిక ప్యాకేజీ పాలసీలో వాహనాన్ని రోడ్డు, రైలు, జలమార్గం, విమానం ద్వారా తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా సొంత నష్టం విభాగంలోనే చేరుతుంది. అంటే ర్యాకు మీద ప్రయాణించే స్కూటరుకు ఏ కవరైతే అక్కరకు వస్తుందో, మీ దగ్గర సరిగ్గా అదే లేదన్నమాట. దాన్ని మళ్లీ తీసుకోవాలంటే బండిని తనిఖీ చేయిస్తారు. గడువు ముగిసి 90 రోజులు దాటింది కనుక క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనసు, కూడా పోయినట్టే. అయినా సరే, ఈ వారంలోనే తీసుకోండి.

వ్యాను పరిస్థితి ఇంతకంటే చిక్కుగా ఉంది. లోపలి పడకలు ముందు యజమాని పెట్టించారని రాశారు గాని, ఆ మార్పు ఆర్‌సీలో నమోదైందో లేదో రాయలేదు. ఆర్‌సీలో ఇంకా పన్నెండు సీట్ల ప్రయాణికుల వాహనమనే ఉంటే, మీ బీమా కంపెనీ దృష్టిలో మీరు నడుపుతున్న బండి వేరు, వాళ్లు ప్రీమియం తీసుకున్న బండి వేరు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పును యజమాని చేయిస్తే 182ఎ సెక్షను కింద ఒక్కొక్క మార్పుకు 5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. సామాను వెనుకకు హద్దు మీరి పొడుచుకువస్తే 194(1ఎ) కింద జరిమానా 20,000. అయితే నా భయం జరిమానాల గురించి కాదు, క్లెయిము గురించి.

నా క్లయింటు ఒకాయన కుటుంబంతో హంపి వెళ్లి తిరిగివస్తూ, చిత్రదుర్గ దాటాక ఒక వంతెన అతుకు దగ్గర ర్యాకు వెల్డింగు ఊడి, స్కూటరు తాళ్లతో సహా రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. వ్యాను వెనుక తలుపు, బంపరు, ఛాసిస్ చివర మాత్రం వంకర పోయాయి. బీమా కంపెనీ సర్వేయరు వచ్చి మొదట టేపు తీశాడు. బంపరు నుంచి ర్యాకు చివరి దాకా కొలిచి కాగితం మీద రాసుకొని, వెల్డింగు చేసిన చోట నాలుగు ఫొటోలు తీసి, ఆర్‌సీ చూపించమని అడిగి, “ఈ ర్యాకు సంగతి కంపెనీకి చెప్పారా?” అని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. మూడు వారాల తరువాత వచ్చిన ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి, సొమ్ము లేదు. ఆయన 1,90,000 మరమ్మతు ఖర్చును క్రెడిట్ కార్డు మీద పెట్టి, దాన్ని తీర్చడానికి మరో అప్పు చేశారు. వెనుక కారులో ఎవరైనా గాయపడి ఉంటే కథ మరోలా ఉండేది. పాలసీ షరతులు మీరిన కేసుల్లో బీమా కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తరువాత ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకొమ్మని ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునళ్లు ఆదేశించడం కొత్తేమీ కాదు. ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికైతే పాలసీలోనే 7.5 లక్షల పరిమితి ఉంది.

బరువు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చివరికి డబ్బు విషయమే. యాక్టివా బరువు సుమారు 106 కిలోలు. ర్యాకుతో కలిపి 150 అనుకుందాం. ముందు, వెనుక చక్రాల ఇరుసుల మధ్య దూరం 3.35 మీటర్లున్న బండికి వెనుక ఇరుసు నుంచి 2 మీటర్ల అవతల ఈ బరువు వేలాడితే, ఆ ఇరుసు మీద పడేది 150 కాదు, దాదాపు 240 కిలోలు. అదే సమయంలో ముందు చక్రాల మీద 90 కిలోల భారం తగ్గిపోయి స్టీరింగు తేలిపోతుంది. త్రాసుకు ఒక పక్క వేలాడదీసినట్టే. మీరు చూసే యూరపు వీడియోల్లో కంపెనీ వాళ్లే ఇరుసుల పరిమితులు లెక్కగట్టి ర్యాకు బిగిస్తారు. ఇటలీ, స్పెయిన్ దేశాల్లో వెనుకకు వచ్చే సామాను మీద 50 సెంటీమీటర్ల చదరపు ఎర్ర-తెల్ల చారల పలక తగిలించడం తప్పనిసరి. ఇక్కడ షెడ్డులో వెల్డరు “ఏం కాదు సార్, మూడు క్వింటాళ్లయినా మోస్తుంది” అంటాడు. మోసేది ఇనుమే గాని, రేపు సంతకం పెట్టాల్సింది మీరు. బండిని నిండుగా నీళ్లు, గ్యాసు, సామానుతో ఏదైనా లారీ కాటా మీదికి తీసుకువెళ్లి, ముందు చక్రాలు విడిగా, వెనుక చక్రాలు విడిగా తూయించి, ఆ చీటీలను బండి ప్లేటు మీది పరిమితులతో పోల్చుకోండి. వెనుక ఇరుసుకు మిగులు లేకపోతే ర్యాకు ఆలోచన అక్కడితో ముగిసినట్టే.

ఇప్పుడు అప్పు సంగతి. ఆరు లక్షలకు 14 శాతం చొప్పున ఐదేళ్ల వాయిదా 13,960 పడుతుంది, వడ్డీయే 2,37,600 అవుతుంది. ఇంటి వాయిదా, పిల్లల చదువులు, ఇంటి ఖర్చు, వ్యాను నిర్వహణ కలిపి మీ నెల ఖర్చు 1,20,000 దాకా ఉంటుందని నా అంచనా. సిప్, చిట్టీ పోగా 18,000 మిగులుతుంది. ఈ వాయిదా కడితే 4,000. అంటే వారానికి వెయ్యి రూపాయల వెసులుబాటుతో, 46 లక్షల ఇంటి బాకీ నెత్తిన పెట్టుకొని, ఏడాదికి నాలుగైదు సార్లు తిరిగే బండికి ఏసీ పెట్టించడం. దీనికి నేను మర్యాదగా చెప్పగలిగిన మాట ఒక్కటే: వద్దు. బంగారం కుదువ కూడా వద్దు. వడ్డీ తక్కువన్న మాట నిజమే గాని, విహారయాత్రకు తాకట్టు పెట్టిన గొలుసు ఆసుపత్రి అవసరానికి చేతిలో ఉండదు. చిట్టీని ఇప్పుడు తగ్గించి పాడుకోవడం కూడా పేరు మార్చుకున్న అప్పే.

మీరు అత్యవసర నిధి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆరు నెలల ఖర్చు అంటే 7,20,000 కావాలి, మీ దగ్గరున్నది 1,20,000, అంటే సరిగ్గా ఒక నెల. చిట్టీని చివరి దాకా ఉంచి, దాన్ని నడిపే ఫోర్‌మన్ కమీషను 5 శాతం పోయినా వచ్చే 4,75,000ను, ఈ ఏడు నెలల్లో నెలకు 18,000 చొప్పున మిగిలే 1,26,000ను ఉన్నదానికి కలిపితే నిధి నిండుతుంది. అందులో సగం బ్యాంకు ఖాతాకు జతపడి ఉండే స్వీప్ డిపాజిట్లో, మిగతా సగం త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్లో పెట్టి, వ్యానుకు కొత్త హంగుల ఊసే మరిచిపోండి.

ఆరోగ్య బీమా విషయంలో కంపెనీ కవరును మీ కవరుగా లెక్కవేయకండి. ఉద్యోగం మారిన రోజున అది పోతుంది, బెంగళూరులో పెద్ద ఆసుపత్రిలో రెండు వారాల ఐసీయూ 5 లక్షలను మింగేయగలదు. సొంతంగా కుటుంబమంతటికీ 10 లక్షల పాలసీ, దాని పరిమితి దాటిన ఖర్చును భరించే ఒక సూపర్ టాప్-అప్ తీసుకోండి. మీ పేరిట కనీసం 2 కోట్ల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము అందే జీవిత బీమా) కూడా ఉండాలి, మీకు అసలు ఏదీ ఉన్నట్టు రాయలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీల మీద జీఎస్టీ లేదు కనుక ప్రీమియం ఎక్కువన్న సాకు కూడా కొంత తగ్గింది. వీటి కోసం సిప్‌ను కొన్నాళ్లు తగ్గించుకున్నా నాకు అభ్యంతరం లేదు. వ్యాను పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద కవరు ఓనర్-డ్రైవరుగా మీకే గాని, చక్రం మీ శ్రీమతి చేతిలో ఉన్నప్పుడు ఆమెకు వర్తించదు. వెనుక కూర్చునే పిల్లలకు కూడా విడిగా అడిగి తీసుకుంటేనే ఉంటుంది. రెన్యూవలు రోజున ఇది మరవకండి.

స్కూటరు అవసరమే అనుకుంటే హంపి, గోకర్ణ వంటి చోట్ల అద్దెకు దొరుకుతుంది, నల్ల పలక మీద పసుపు అంకెలున్న బండినే తీసుకోండి. ఎక్కువ రోజులుండేట్టయితే పెట్రోలు తీసేసి, ప్యాకింగు చేయించి రైల్లో పార్సిలుగా పంపవచ్చు. పిల్లల సైకిళ్లయితే ఒక్కొక్కటి పదిహేను కిలోలకు మించవు. వాటికి సరిపడే చిన్న ర్యాకు, నంబరు ప్లేటు, వెనుక దీపాలు కనిపించేలా పెట్టించుకోవడానికి అప్పు అక్కరలేదు, అయినా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

వ్యాను ఆర్‌సీ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మార్పు నమోదు కాలేదని తేలితే, ఆర్టీవో కార్యాలయంలో అది సరయ్యే దాకా దాన్ని ఊరు దాటించకపోవడమే మంచిది. సరయ్యాక కొత్త ఆర్‌సీ నకలు జతచేసి బీమా కంపెనీకి ఈమెయిలు పంపి, పడకలు, వంటగట్టు, గ్యాసు ఏర్పాటు విలువలు పేర్కొని, వాటిని పాలసీలో చేర్చినట్టు ఎండార్స్‌మెంటు తీసుకోండి. యాప్‌లో కనిపించే ఆ రుణం ఆఫరుకు ఏదో గడువు ఉండే ఉంటుంది, దాటిపోనివ్వండి.