నీలిపళ్లెంలో కొడుకు ముఖం

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఎప్పుడు చూసినా సైన్స్ ఫిక్షన్ కథలే. రోబోలు, రాకెట్లు, ఎక్కడా జరగని సంగతులు. టెక్నాలజీ మన బతుకుల్ని ఏం చేస్తుందో ఈ కథలే బాగా చెబుతాయని వాడి వాదన. నిజమేనా అండీ? నాకూ ఒకటి చదవాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీవాడి మాట నిజమేనమ్మా. నేను చెప్పబోయే కథలో రోబో లేదు, రాకెట్ లేదు. ఒక తల్లి, ఒక కొడుకు ఉన్నారు. పేరు ‘ద మెషీన్ స్టాప్స్’. ఇంగ్లండ్ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ రాశారు, 1909లో. అప్పటికి రైట్ సోదరుల విమానం ఎగిరి ఆరేళ్లే. టెలివిజన్ ఇంకా లేదు; జాన్ బెయిర్డ్ అనే ఇంజినీరు దాన్ని లండన్‌లో చూపించింది 1926లో.

అందులో మనుషులు భూమి లోపల, తేనెపట్టు అరల్లాంటి గదుల్లో ఎవరికి వాళ్లు ఉంటారు. తిండికో మీట, పాటకో మీట, స్నానానికో మీట. అన్నీ నడిపేది ఒకే పెద్ద యంత్రం. వాష్టి అనే ఆవిడకి వేలమంది పరిచయం, కానీ ఒకరినొకరు తాకడమే అక్కడ మర్యాద కాదు. కొడుకు కూనో భూమికి అటువైపు ఉంటాడు. ఒకరోజు పిలుస్తాడు. ఆమె చేతిలోని గుండ్రటి పళ్లెం నీలంగా వెలిగి, అందులో అతని ముఖం తేలుతుంది. యంత్రంలోంచి కాదు, నిన్ను నిన్నుగా చూడాలి, రా అంటాడు. గాలి ఓడ ఎక్కితే రెండు రోజులు కూడా పట్టదు. ఆమెకి మాత్రం టైం లేదు.

ఇక్కడో చిన్న సంగతి ఉంది, తొందరలో దాటెయ్యకండి. పళ్లెంలో కొడుకు దిగులుగా ఉన్నట్టు ఆమెకి అనిపిస్తుంది. కచ్చితంగా చెప్పలేదు, ఎందుకంటే ముఖంలోని సన్నటి తేడాలు ఆ యంత్రం పంపదు. మనిషి ఉజ్జాయింపుగా కనిపిస్తాడు, అంతే. పనులు జరగడానికి అది చాలుగా అనుకుంటుంది వాష్టి.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్. ఒకసారి ‘అలా ఉన్నావేంటే, ఒంట్లో బాలేదా?’ అని అడిగితే ‘వెనకాల లైటుందమ్మా, అందుకే అలా కనిపిస్తున్నా’ అంది. లైటే అయ్యుండొచ్చు. ఎదురుగా ఉంటే నుదుటి మీద చెయ్యేసి చూసేదాన్ని, అడిగే పనే ఉండేది కాదు. ‘ఏం తిన్నావు?’ అని మాట మార్చేశాను.

అలాగని వీడియో కాల్ వద్దంటానా? చచ్చినా అనను. వీసా రాని అమ్మమ్మలు మనవడి తొలి అడుగులు చూసింది అందులోనే. ఈ విషయంలో ఫార్‌స్టర్‌తో నాకు పేచీ ఉంది. ఆయన యంత్రానికి తప్పులన్నీ రాసి, అది పెట్టే ఓదార్పుని దాదాపు లెక్కలోకి తీసుకోలేదు.

అయినా ఈ కథనే చదవమనడానికి కారణం చివరి భాగం. యంత్రం ఒక్కసారిగా ఆగదు. ముందు పాటల మధ్యలో ఎవరో మూలిగినట్టు శబ్దం వస్తుంది. వాష్టి కంప్లైంట్ పెడుతుంది. రిపేరు చూసే కమిటీ వాళ్లు త్వరలో సరిచేస్తామంటారు. సరికాదు. కొన్నాళ్లకి ఆ మూలుగు ఆమెకి పాటలో భాగమైపోతుంది. తర్వాత స్నానం నీళ్లు కంపుకొడతాయి, పండ్లకి బూజు పడుతుంది. వాటికీ అలవాటు పడతారు.

ఇది నాకు రాకెట్ యుద్ధాల కంటే ఎక్కువ భయం పుట్టించింది. పెన్షన్ కాగితం కోసమో, ఇంకేదో సర్టిఫికెట్ కోసమో కౌంటర్ దగ్గరికి వెళ్తాం. ‘సర్వర్ డౌన్ అండీ, రేపు రండి’ అంటారు. ఎవరి సర్వరు, ఎందుకు డౌను, ఎప్పటికి లేస్తుంది అని అడిగేవాళ్లే లేరు. వాన పడుతోందంటే ఆగినట్టు ఆగి, తిరిగొచ్చేస్తాం. మనిషి ఆపితే కనీసం దెబ్బలాడేవాళ్లం. ఈ అలవాటు మనలోకి ఎలా వస్తుందో ఫార్‌స్టర్ మెట్టు మెట్టుగా చూపించారు. మంచి సైన్స్ ఫిక్షన్‌లో నేను వెతికేది ఇదే. ఏ వస్తువు ముందుగా ఊహించారన్నది నాకంత ముఖ్యం కాదు. ఆ వస్తువు వచ్చాక కథలోని మనుషులు దేన్ని అడగడం మానేశారు, దేనితో సరిపెట్టుకున్నారు అన్నది చూస్తాను.

కథ కాస్త పెద్దది, ఇంగ్లీషు పాతకాలంది. మొదటి పేజీలు నిదానంగా నడుస్తాయి, ఓపిక పట్టండి. బరువనిపిస్తే ముందు అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ 1951 నాటి చిన్న కథ ‘ద ఫన్ దే హాడ్’ చదవండి. ఎన్‌సీఈఆర్టీ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకం ‘బీహైవ్’లో ఏళ్లపాటు మొదటి పాఠం అదే, తెలిసినవాళ్ల పిల్లల దగ్గర దొరుకుతుంది. మార్జీ అనే పాపకి ఇంట్లోనే యంత్రం పాఠాలు చెబుతుంది. రాసిన హోంవర్కుని ఆ యంత్రంలో ఒక సందులో పెట్టాలి, ఆ సందంటే మార్జీకి పరమ అసహ్యం. జాగ్రఫీలో మార్కులు పడిపోతుంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి, తప్పు పాపది కాదు, పాఠం వేగం ఎక్కువైందని యంత్రాన్ని సర్దుతాడు. మీ అబ్బాయికి ఆ పేజీ చూపించి, మన కోచింగ్ సెంటర్లలో అలా సర్దేవాళ్లు ఎవరున్నారో అడగండి. వాడేమంటాడో నాకు రాయండి, ఈ కాలమ్‌లోనే వేద్దాం.