నిరసనకారులపై డాక్యుమెంటరీ తీస్తానంటున్న అమ్మాయి: వీసా, అప్పు, వృత్తి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ పూర్తి చేసింది. అమెరికాలో డాక్యుమెంటరీ జర్నలిజం ఎం.ఏ.లో సీటు వచ్చింది. గాజా యుద్ధంలో ఇజ్రాయెల్‌కు తమ ప్రభుత్వం ఆయుధాలు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తున్న అమెరికా పౌరులపై చిత్రం తీస్తానంటోంది. ఇల్లు తనఖా పెట్టి నలభై లక్షలు అప్పు చేయబోతున్నాం. వచ్చే నెలలో వీసా ఇంటర్వ్యూ. ఈ పనితో వీసాకు ముప్పుందా? ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు తీసేయమనాలా? అసలు ఇందులో బతుకుతెరువు ఉందా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ భయానికి కారణం ఉంది. అలాగే మీ అమ్మాయి ఎంచుకున్న విషయానికీ గట్టి కారణం ఉంది. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా ఇజ్రాయెల్‌కు పదేళ్లలో 3,800 కోట్ల డాలర్ల సైనిక సహాయం ఇస్తోంది. అది తమ పన్నుల సొమ్మని భావించే పౌరులు ఎందుకు వీధిలోకి వచ్చారో, ఏం కోల్పోవడానికి సిద్ధపడ్డారో నమోదు చేయడం జర్నలిజంలో గౌరవప్రదమైన పని. కాబట్టి ఆ విషయాన్ని మానుకోమని మీరు పట్టుబట్టకూడదని నా అభిప్రాయం.

ముందు వీసా సంగతి. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా విదేశాంగ శాఖ కోరుతోంది. కాబట్టి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లేముందు కంగారుపడి ఖాతాలు చెరిపేయవద్దు; ఫారంలో రాయకుండా దాచడం అసలే వద్దు, ఎందుకంటే తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఆ దేశంలో ప్రవేశానికి శాశ్వతంగా అనర్హత రావచ్చు. కోర్సు గురించి, చేయబోయే పని గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమనండి.

అక్కడికి వెళ్లాక ముప్పు పూర్తిగా తొలగిపోతుందని నేను చెప్పలేను. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తుర్కియే విద్యార్థిని ఒకరు విద్యార్థి పత్రికలో మరో ముగ్గురితో కలిసి గాజా విషయమై ఒక వ్యాసం రాశారు. ఆమె వీసా రద్దయింది. 2025 మార్చి 25న అదుపులోకి తీసుకుని ఆరు వారాలకు పైగా నిర్బంధించారు, చివరకు కోర్టు ఆదేశంతో విడుదలయ్యారు. 2024 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నిరసనకారులు ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడి కార్యాలయంలోకి చొరబడినప్పుడు, వార్త సేకరణకు వారి వెంట వెళ్లిన మొదటి సంవత్సరం విద్యార్థి విలేకరిని కూడా పోలీసులు అరెస్టు చేశారు. అతనిపై కేసు పెట్టకూడదని జిల్లా ప్రాసిక్యూటర్ నిర్ణయించడానికి నెలలు పట్టింది. అందువల్ల మూసి ఉన్న భవనంలోకి ఎవరి వెంటా వెళ్లకూడదు, నినాదం ఇవ్వకూడదు, ప్లకార్డు పట్టుకోకూడదు, పోలీసులు ఖాళీ చేయమనగానే కెమెరాతో సహా బయటికి రావాలి. విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు మెడలో కనబడుతూ ఉండాలి.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది. తరగతి కోసం తీసిన చిత్రం వేరు, అదే చిత్రాన్ని పత్రికకు డబ్బుకు అమ్మడం వేరు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్యాంపస్ బయట సంపాదించాలంటే సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) లేదా ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువగా చదువు ముగిశాక, కొంతకాలం పనిచేసే అనుమతి) వంటి అనుమతి తప్పనిసరి. ఒక్క ఫొటోకు వచ్చిన పారితోషికమైనా సరే, తీసుకునే ముందు విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగమనండి.

తన భద్రతతో పాటు తాను చిత్రించే వారి భద్రత కూడా ఆమె బాధ్యతే. 1970 మే 4న కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, అమెరికా సేనలు కంబోడియాలో అడుగుపెట్టడాన్ని నిరసిస్తున్నవారిపై నేషనల్ గార్డ్ జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు మరణించారు. ఒక మృతదేహం పక్కన మోకరిల్లి ఏడుస్తున్న అమ్మాయిని అక్కడి ఫొటో జర్నలిజం విద్యార్థి జాన్ ఫైలో ఫొటో తీశాడు. మరుసటి ఏడాది అతనికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు, ఇంట్లోంచి పారిపోయి వచ్చింది. ఆ ఫొటో తర్వాత ఆమె కుటుంబానికి ద్వేషం నిండిన ఉత్తరాలు వచ్చాయి. అంతటి ప్రభావం గల పని ఇది. గుంపులో పౌరుల పక్కనే వీసా మీద ఉన్నవారూ నిలబడతారు. అందుకే మాట్లాడిన ప్రతి మనిషి సమ్మతిని కెమెరా ముందే రికార్డు చేయాలి. ముఖం చూపించాలా, పేరు వాడాలా అని విడివిడిగా అడగాలి. ప్రచురించే ప్రతిలో ఫోన్ నమోదు చేసే స్థలం వివరాలు తొలగించాలి. అసలు ఫైళ్లను మార్చకుండా రెండుచోట్ల భద్రపరచాలి. వీటిని ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌కు వెళ్లి, ఏదో ఒక ఉద్యోగ సంఘం దీక్షను ఉదయం నుంచి సాయంత్రం దాకా చిత్రించి, ప్రతి ఫొటో కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి కోరుతున్నారు అని రాసి చూపించమనండి.

బతుకుతెరువు ఉంది, అయితే అది ఈ ఒక్క చిత్రం నుంచి రాదు. ఎడిటింగ్, శబ్దగ్రహణం, ఆర్కైవ్ పని, వాస్తవాల పరిశీలన వచ్చినవారికి వార్తాసంస్థల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ పని దొరుకుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ అప్పే. జర్నలిజం కోర్సుకు సాధారణంగా ఓపీటీ పన్నెండు నెలలే. ఇంజినీరింగ్ విద్యార్థులకు లభించే అదనపు ఇరవై నాలుగు నెలలు వీరికి రావు. ఆ ఏడాది సంపాదనను నమ్ముకుని ఇల్లు తనఖా పెట్టమని నేను చెప్పను. ఫీజు రాయితీ గానీ అసిస్టెంట్‌షిప్ గానీ ఇస్తారా అని విశ్వవిద్యాలయానికి ఈ వారమే రాయమనండి, సీటును ఒక ఏడాది వాయిదా వేస్తారేమో కూడా అందులోనే అడగమనండి. వారు రెండింటికీ ఒప్పుకోకపోతే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో గానీ, ఢిల్లీ జామియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రంలో గానీ ఎం.ఏ. చేసి, చేతిలో ఒకటి రెండు చిత్రాలతో స్కాలర్‌షిప్ మీద అమెరికాకు వెళ్లడం మేలు.