పాత బడికి రంగులేసే ముందు

అబ్బాయ్, ఆశీస్సులు.

బడి పాత కట్టడాన్ని గ్రంథాలయంగా మార్చి, వెనక గదిలో కుట్టు నేర్పిద్దామని రాశావు. బాగుంది. ముందు సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసులో దానపత్రం నకలు తీయించు. స్థలమిచ్చినవాళ్లు చదువుకి మాత్రమే అని షరతు రాసుంటే, ఎప్పుడో పెళ్లికి అద్దెకిచ్చిన రోజున వారసులు కోర్టుకెక్కుతారు. హక్కు పంచాయతీదో విద్యాశాఖదో తేలాకే గ్రామసభ తీర్మానం.

ఇక గోడలు. మన డెల్టాలో రోడ్డు మీద రోడ్డు వేసి, బడి గుంటలోకి దిగిపోయుంటుంది. వాన నీళ్లన్నీ గోడ మొదట్లోనే నిలుస్తాయి. చుట్టూ 3 అడుగుల వెడల్పున మట్టి తీయించి, లోపలి నేలకంటే 6 అంగుళాలు దిగువకి తెప్పించు. అడుగుకి పావంగుళం వాలు బయటికి ఉండాలి. పునాది బయటపడేలా మాత్రం తవ్వనీయకు. కాలువలకి నీళ్లు ఆపేసిన ఎండాకాలంలో మొదలెడితే నేలలో నీళ్లు కిందికి దిగుంటాయి.

"కింద 4 అడుగులు సిమెంటు కొట్టేద్దామండి" అంటాడు మేస్త్రి. ఒప్పుకోకు. సున్నపు గోడ పీల్చిన చెమ్మ సున్నంలోంచే ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ దాని పైకి ఎక్కి, ఉప్పు పూసి, ఇటుకని పొడి చేస్తుంది. ఇప్పటికే సిమెంటు ఉంటే సుత్తీ ఉలీతో నెమ్మదిగా ఊడదీయించి, గోడని ఆరనివ్వు. రాతిసున్నాన్ని గుంటలో నీళ్లలో కనీసం 15 రోజులు నానబెట్టి, ఒక పాలు సున్నానికి 3 పాళ్లు గోదారి ఇసుక కలపాలి. సముద్రపొడ్డు ఇసుక వద్దేవద్దు, దానిలో ఉప్పుంటుంది. ఒక్కో పూత అరంగుళం దాటకూడదు. వారం పాటు తడి గోనెలు కప్పకపోతే పగుళ్లిస్తుంది. పైన వెల్లే వెయ్యి. ప్లాస్టిక్ రంగు పొరలుగా ఊడుతుంది.

కప్పు మంగుళూరు పెంకే కదా. 100 చదరపు అడుగులకి సుమారు 150 పెంకులు పడతాయి. వేలితో కొడితే ఖంగుమన్నవి ఉంచు. వేరే కంపెనీ పెంకు గాడి కుదరదు. కూల్చిన ఇళ్ల దగ్గర అదే ముద్ర ఉన్నవి ఏరుకో. దూలాల చివర్లు గోడలో దూరిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు, పుచ్చూ చెదా అక్కడే మొదలవుతాయి.

కరెంటు తీగలకి గోడలు చెక్కనీయకుండా పైపైనే పైపులు వేయించు. బీరువాలు గోడకి 3 అంగుళాలు ఎడంగా ఉండాలి. మరుగుదొడ్లు విడిగా కట్టించు. 1996 నవంబరు తుపాను కోనసీమలో పెంకుల్ని ఏం చేసిందో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, అంచేత తుపాను షెల్టరని మాత్రం బోర్డు పెట్టకు. ఏటా మే నెలలో పెంకులు సర్దడానికి కూలి డబ్బు విడిగా తీసిపెట్టు.