వైరు చక్రాలకు రంగు వేసిన షాపు చేతులెత్తేస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మేం మాంచెస్టర్ దగ్గర ఉంటున్నాం. నా దగ్గర 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కారు ఉంది. స్టెప్నీతో కలిపి ఐదు వైరు చక్రాలకు (సైకిలు చక్రంలా పుల్లలున్నవి) పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి వేడితో గట్టిపరిచే పూత, వేయించడానికి ఒక షాపుకిచ్చాను. మొత్తం 650 పౌండ్లు మాట్లాడుకుని, 300 క్రెడిట్ కార్డుతో అడ్వాన్సు కట్టాను. నాలుగు చక్రాలు ఇస్తే బిగించుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే స్పోకుల (పుల్లల) చివర వాటిని బిగించే చిన్న నట్లు, అదే నిపిల్స్ దగ్గర రంగు పెచ్చులు లేస్తోంది. బ్రేకు వేసినా, రివర్సు గేరు వేసినా వెనక చక్రం దగ్గర టక్కుమని శబ్దం. అడిగితే, "పాత చక్రాలు, మాకు బాధ్యత లేదని రసీదు మీదే రాసుంది" అంటున్నారు. మిగతా 350 కట్టేదాకా ఐదో చక్రం ఇవ్వరట, పైగా రోజుకు 5 పౌండ్ల అద్దె వేస్తారట. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా ఆ కారును రోడ్డు మీదికి తీయకండి. మీరు రంగు గురించి ఎక్కువగా బాధపడుతున్నారు గానీ, నన్ను కలవరపెట్టింది ఆ శబ్దం. మీ కారు చక్రాన్ని పట్టి ఉంచేవి బోల్టులు కావు. హబ్ (చక్రం తొడిగే ఇరుసు చివరి భాగం) మీద ఉన్న పళ్ళలో చక్రం లోపలి పళ్ళు కూర్చుంటాయి, మధ్యలో ఒక్క పెద్ద నట్టు బిగిస్తారు. ఇంజిను లాగినా, బ్రేకు పట్టినా ఆ బలమంతా పళ్ళ మీదే పడుతుంది. అక్కడ శుభ్రమైన ఇనుము, దాని మీద గ్రీజు తప్ప మరేమీ ఉండకూడదు. రంగు వేసేవాళ్ళు ఆ భాగాన్ని మూసి ఉంచకుండా బ్లాస్టింగ్ (పాత రంగు పోయేలా ఇసుక లాంటిది బలంగా చిమ్మడం) చేస్తే పళ్ళు అరుగుతాయి. పౌడర్ పడనిస్తే చక్రం సరిగా కూర్చోదు, ఆ పూత నలిగి రాలాక వదులవుతుంది. మీరు చెప్పిన టక్కుమనే శబ్దం అలాంటి వదులుకు బాగా తెలిసిన లక్షణం.

మీ కారు 40 ఏళ్ళు దాటింది కాబట్టి 2018 మే నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఎంఓటీ (ఏటా చేయించే వాహన భద్రత పరీక్ష) అక్కర్లేకపోవచ్చు. అంతమాత్రాన భద్రత బాధ్యత పోదు. ప్రమాదకరమైన స్థితిలో వాహనం నడిపితే 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం 40ఏ సెక్షన్ కింద 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడతాయి. లోపం తెలిసీ నడిపారంటే బీమా కంపెనీతోనూ పేచీ వస్తుంది.

ఇక షాపు సంగతి. 2015 వినియోగదారుల హక్కుల చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఏ పనైనా తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేసివ్వాలి. "పళ్ళను మూసి ఉంచే వేస్తాం" లాంటి మాట ఈమెయిల్లో గానీ నోటితో గానీ ఇచ్చి, దాన్ని నమ్మి మీరు పని అప్పగించి ఉంటే, 50వ సెక్షన్ కింద అదీ ఒప్పందంలో భాగమే. పాత మెసేజీలన్నీ ఒకసారి వెతకండి. రసీదు మీది "బాధ్యత లేదు" అన్న వాక్యానికి భయపడొద్దు. శ్రద్ధగా పని చేయాల్సిన బాధ్యతను అలాంటి రాతతో తుడిచేసుకోవడం కుదరదని 57వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

పని చెడితే మొదటి హక్కు మళ్ళీ ఉచితంగా చేయించుకోవడం. అది అసాధ్యమైనా, సహేతుకమైన వ్యవధిలో వాళ్ళు చేయకపోయినా ధర తగ్గించమని అడగొచ్చు, అవసరమైతే మొత్తం సొమ్మూ. అరిగిన పళ్ళు మళ్ళీ రంగు వేస్తే తిరిగి రావు కాబట్టి, మీ కేసులో నష్టపరిహారం కూడా అడగాల్సిందే. అయితే పాత చక్రాలకు బదులు కొత్తవి కొని మొత్తం ఖర్చు అడిగితే, "ముందున్న దానికంటే మంచి వస్తువు వచ్చింది కదా" అని అవతలివాళ్ళు వాదిస్తారు. లెక్క నిజాయితీగా వేయండి.

ఇప్పుడు ఐదో చక్రం. మరమ్మతు చేసినవాళ్ళు కూలి వచ్చేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు ఇంగ్లండు న్యాయంలో ఎప్పటి నుంచో ఉంది. ఒకే ఒప్పందం కింద ఐదూ ఇచ్చారు కాబట్టి, మొత్తం బాకీకి ఆ ఒక్క చక్రాన్నీ పట్టుకోవచ్చని వాళ్ళు వాదించగలరు. కానీ తమ బాకీ కోసం తాము అట్టిపెట్టుకున్న వస్తువుకు అద్దె వేయడం చెల్లదు. ఇది 1860లోనే, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన విషయం. ముందే అద్దెకు ఒప్పుకుని ఉంటే తప్ప ఆ 5 పౌండ్లు కట్టకండి.

350 మాత్రం కట్టేయమనే నా సలహా. "హక్కులేవీ వదులుకోకుండా, అభ్యంతరం తెలుపుతూ, చక్రం విడిపించుకోవడానికే చెల్లిస్తున్నాను" అని ముందు ఈమెయిల్ పెట్టి, అదే క్రెడిట్ కార్డుతో కట్టండి. ఎందుకంటే మీకున్న బలమైన సాక్ష్యం ఆ చక్రమే. మిగతా నాలుగింటినీ చూపిస్తే "మీరు నడిపాకే అరిగాయి" అంటారు. ఐదోది హబ్ ఎక్కలేదు. దాని పళ్ళ మీద రంగు ఉంటే అది షాపులో పడిందే. చేతికి రాగానే బిగించకుండా, తుడవకుండా, పళ్ళు దగ్గరగా కనబడేలా ఫొటోలు తీయండి.

తర్వాత ఐదింటినీ వైరు చక్రాలు కట్టే నిపుణుడి దగ్గరికి తీసుకెళ్ళి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. స్పానరుతో స్పోకులను ఒక్కొక్కటిగా మీటితే, బిగువుగా ఉన్నవి ఖంగుమంటాయి, వదులైనవి మందంగా పలుకుతాయి. సైకిలు షాపులో నిపిల్ తిప్పి బెండు తీసినట్టే వీటికీ తీయాలి. పౌడర్ మరలోకి దిగి గట్టిపడితే నిపిల్ తిరగదు, బలవంతం చేస్తే అక్కడి పూత పగులుతుంది. మీ చక్రాల రంగు సరిగ్గా నిపిల్స్ దగ్గరే లేవడానికి కారణం ఇదేనా అన్నది ఆయన చేత రాయించండి. రిపోర్టు వచ్చేదాకా ఎవరి చేతా రంగు గీకించొద్దు. షాపుకిచ్చే ముందు తీసిన ఫొటోలు, పాత ఎంఓటీ కాగితాలు ఉంటే జత చేయండి. వాళ్ళ అధీనంలో ఉండగా వస్తువు పాడైందని తేలితే, తాము జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సింది వాళ్ళే.

రిపోర్టు ప్రతి పెట్టి, ఎంత అడుగుతున్నారో రాసి, 14 రోజుల గడువుతో షాపుకు లేఖ పంపండి. అదే సమయంలో కార్డిచ్చిన బ్యాంకుకూ రాయండి. పని ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, అందులో కొంతే కార్డు మీద కట్టినా, 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద ఒప్పంద భంగానికి బ్యాంకూ షాపుతో సమానంగా బాధ్యత వహించాలి. డెబిట్ కార్డుకు ఈ రక్షణ లేదు. బ్యాంకు కాదన్నా, 8 వారాల్లో తేల్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

రెండు వైపులా దారి మూసుకుపోతేనే కోర్టు. 10,000 పౌండ్ల లోపు దావా కాబట్టి స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాల విధానం) కిందికి వస్తుంది, మీరే ఆన్‌లైన్లో వేసుకోవచ్చు. ఆ విధానంలో గెలిచినా లాయరు ఫీజు సాధారణంగా తిరిగి రాదు కనుక, ఇంత చిన్న మొత్తానికి లాయరును పెట్టుకోవద్దు. ఒప్పంద భంగం జరిగిన రోజు నుంచి 6 ఏళ్ళ గడువుంది. ఇదంతా ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించేది. షాపు స్కాట్లండులో ఉంటే గడువు 5 ఏళ్ళే, కోర్టు పద్ధతీ వేరు. అలాగైతే మళ్ళీ రాయండి.