పచ్చళ్ల పేజీ, గుండ్రటి మూలలు

అమ్మలూ,

నువ్వు పంపిన పచ్చళ్ల షాపు పేజీ రాత్రి ఫోన్లో చూశాను, పొద్దున లాప్‌టాప్‌లో మళ్లీ చూశాను. బాగుంది. కానీ ఆవకాయ కార్డు, అదే ఆవకాయ ఉన్న పెట్టె, దగ్గర ఆగిపోయాను, కార్డు మూలలేమో చక్కగా గుండ్రంగా తిరిగాయి, లోపలి జాడీ ఫొటో మాత్రం పైన రెండు మూలల్లో కోసుగా బయటికి పొడుచుకొచ్చింది. "బోర్డర్-రేడియస్ పనిచెయ్యట్లేదు మావయ్యా" అన్నావు గానీ మూలల్ని గుండ్రంగా తిప్పే ఆ సీఎస్ఎస్ లైను పనిచేస్తూనే ఉంది. కార్డుకి చెప్పింది కార్డే వింటుంది, లోపలున్న ఫొటోకి ఆ సంగతి పట్టదు. కార్డుకి ఓవర్‌ఫ్లో హిడెన్ అని ఒక్క లైను చేర్చు, ఫొటో కూడా ఆ వంపులోనే తెగుతుంది. కాకపోతే అర కిలో, కిలో అని నువ్వు డివ్‌లతో, అంటే మామూలు పెట్టెలతో, కట్టిన మెనూ కార్డు దాటి కిందికి జారుతుంది కదా, అదీ తెగిపోతుంది. అలా అయితే ఓవర్‌ఫ్లో జోలికి పోకుండా ఫొటోకే రేడియస్ 12, 12, 0, 0 పిక్సెల్స్ ఇచ్చేయ్. నాలుగు విలువలిస్తే ఎడమ పైమూల నుంచి మొదలై గడియారం ముల్లులా తిరుగుతాయి.

మా రోజుల్లో దీనికోసం ఫొటోషాప్‌లో నాలుగు మూలలకి నాలుగు బొమ్మలు కోసేవాళ్లం. క్లయింట్ రంగు మార్చమన్నాడంటే నాలుగూ మళ్లీ కోయాల్సిందే! తర్వాత ఒక్కో బ్రౌజర్ కోసం మోజ్, వెబ్‌కిట్ అని ముందు తోకలు తగిలించి రాశాం, అయినా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చేదాకా మూలలు మూలలుగానే ఉండేవి. నీ కోడ్‌లో ఆ తోకల లైన్లు ఇంకా కనిపించాయి, ఎక్కడో పాతది కాపీ కొట్టినట్టున్నావు. తీసెయ్.

నాకు అన్నిటికన్నా కంట్లో పడింది ఆఫర్ పెట్టె. బయట కార్డుకి రేడియస్ 16, లోపల ప్యాడింగ్, అంటే అంచుకీ లోపలి పెట్టెకీ మధ్య ఖాళీ, 10, లోపలి పెట్టెకి కూడా 16 పెట్టావు. అంచుల వెంట సందు సమానంగానే ఉంది, మూల దగ్గరికొచ్చేసరికి లావైపోయింది. చూసేవాళ్లకి కారణం తెలీదు, ఏదో తేడాగా ఉందనిపిస్తుంది అంతే. బయటి రేడియస్‌లోంచి ప్యాడింగ్ తీసెయ్, 6 వస్తుంది, లోపలి పెట్టెకి అదే ఇవ్వు. రెండు వంపులూ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతాయి, సందు మూలలో కూడా అంతే ఉంటుంది. ప్యాడింగ్ పెద్దదై సున్నాకో అంతకన్నా కిందికో పోతే లెక్క మానేసి చిన్న రేడియస్ ఏదైనా పెట్టుకో.

ఆర్డర్ బటన్ కోడిగుడ్డులా ఎందుకొచ్చిందంటే 50 శాతం ఇచ్చావు. శాతం ఇస్తే అడ్డంగా వెడల్పులో సగం, నిలువుగా ఎత్తులో సగం తీసుకుంటుంది. మాత్రలా కావాలంటే 999 పిక్సెల్స్ ఇవ్వు, పట్టినంతకే బ్రౌజర్ తగ్గించుకుంటుంది. 50 శాతం అమ్మమ్మ ఫొటోకి ఉంచు, వెడల్పూ ఎత్తూ సమానం చేసి ఆబ్జెక్ట్-ఫిట్ కవర్ పెడితే మొహం సాగదు.

ధరల టేబుల్‌కి బోర్డర్-కొలాప్స్ విలువ కొలాప్స్ అని ఉంది, అంటే పక్కపక్క గళ్ల గీతలు కలిసిపోతాయి, అదున్నంతసేపూ మూలలు తిరగవు. ఆ విలువని సెపరేట్ చేసి, గళ్ల మధ్య ఖాళీ రాకుండా బోర్డర్-స్పేసింగ్ సున్నా పెట్టు.

ఇంకోటి, పేజీ మొత్తం మీద ఏడు రకాల రేడియస్‌లు లెక్కపెట్టాను. చిన్నవాటికొకటి, కార్డులకొకటి, పేర్లు పెట్టి రెండు వేరియబుల్స్ రాసుకుని అవే వాడు. అన్నట్టు గోంగూర కింద ఆవకాయ ధరే పడింది, అది ముందు మార్చు.

మావయ్య