ఆవిడ అన్నది దుర్మార్గం కాదు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను, మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. బోస్టన్‌లో ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తున్న ఓనరమ్మ మన కుర్రాడితో "ఇవాళ దుర్మార్గమైన చలి" అంటుంది చూడు, అక్కడ ఆగిపోయాను. ఆవిడ ఇంగ్లీషులో ఏమని ఉంటుందో నాకు వినపడింది: వికెడ్ కోల్డ్. నువ్వు డిక్షనరీలో వికెడ్ అంటే ఏంటో చూసి దించేశావు. డిక్షనరీ అబద్ధం చెప్పలేదు గానీ ఆవిడ అన్నది మాత్రం అది కాదు.

బోస్టన్ ఉన్న మసాచుసెట్స్, మెయిన్ లాంటి న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల్లో, అంటే అమెరికా ఈశాన్య మూలన, వికెడ్ అనేది ఇంకో విశేషణం ముందు చేరి దాన్ని పెంచుతుంది, మన "తెగ", "భలే" లాగా. వికెడ్ స్మార్ట్ అంటే భలే తెలివైనవాడు, అంతే, అందులో దుర్మార్గం ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో అయితే వేరే సంగతి, 1980లు, 90ల్లో అక్కడి కుర్రకారు ఏదైనా నచ్చితే "వికెడ్!" అని ఆ ఒక్క ముక్కే అనేవాళ్లు, మనం "అదుర్స్" అన్నట్టు. అందుకని లండన్ పాత్ర చేత వికెడ్ కోల్డ్ అనిపిస్తే శ్రీకాకుళం మనిషి "గట్లెందుకు జేసినవ్" అన్నట్టుంటుంది. ఇవాళ్టి లండన్ పిల్లాడి నోట ఆ మాట పెట్టినా కుదరదు, వాళ్ల నాన్న మాట్లాడినట్టుంటుంది.

మాట మాత్రం చాలా పాతది. మంత్రగత్తెని విచ్ అంటారు కదా, దానికి చుట్టమని నిఘంటువులు చెబుతాయి. దాన్ని మెచ్చుకోలుగా వాడటం కూడా నిన్నమొన్నటిది కాదు, 1920లో వచ్చిన అమెరికన్ రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ మొదటి నవలలోనే ఒక పాత్ర తన డాన్సు గురించి గొప్పగా చెప్పుకుంటూ ఆ మాట వాడుతుంది. చెడ్డ మాట ఎదురు తిరిగి పొగడ్త కావడం మనకేమైనా వింతా? "బౌలింగ్ అరాచకం రా", "బీభత్సంగా చేశాడు" అని నువ్వే రోజుకి పదిసార్లు అంటావు. పార్సీ నుంచి వచ్చిన జబర్దస్త్‌కి తెలుగులో పాత అర్థం బలవంతం, దౌర్జన్యం.

అలాగని ఓనరమ్మ చేత "అరాచకమైన చలి" అనిపించకు! ఆవిడకి డెబ్బై ఏళ్లని నువ్వే రాశావు. ఇక్కడి ఇరవై ఏళ్ల కుర్రాడి మాట ఆవిడ నోట్లో పెడితే ఆవిడ ముఖం మాయమైపోతుంది. "చలి చంపేస్తోందబ్బాయ్" అంటే చాలు.

నేనూ ఇలాగే దొరికిపోయాను. 1970ల నాటి బందరు కథ ఒకటి రాసి, అందులో కాలేజీ కుర్రాడి చేత సినిమా "కేక" అనిపించాను. అచ్చయిన వారానికి ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు, "బాబూ, నేను అప్పుడు అక్కడే చదివాను, మాకు కేక అంటే అరుపే" అని. కథ గురించి ఇంకో ముక్క లేదు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంతకీ నీ కథలో అసలు సరుకు ఐదో పేజీలో ఉంది, నువ్వు దాన్ని రెండు లైన్లలో దాటేశావు. అక్కడే పుట్టిపెరిగిన మనవడు, గుంటూరు నుంచి వెళ్లిన నాయనమ్మ చేసిన చేపల పులుసు తిని ఇంగ్లీషులో ఏదో మెచ్చుకుంటాడు. అక్కడ వాడి చేత "వికెడ్ గుడ్" అనిపించు, తెలుగు చెయ్యకుండా అలాగే ఉంచు. నాయనమ్మ రిటైరైన టీచరమ్మ, రోజూ బైబిలు చదువుతుంది, రెండు భాషల్లోనూ. ఆవిడకి వికెడ్ అంటే దుష్టుడు, దుష్టులకు నెమ్మదియుండదని యెషయా గ్రంథంలో ఉన్న మాట. గుడ్ అన్నది ఆవిడ చెవిన పడకపోయినా పడకపోవచ్చు. గరిటె పట్టుకుని నిలబడిపోయిన ఆవిడని ఒక పేజీ రాయి. మనవడు వివరించబోతే ఆపు, వాడికి అంత తెలుగు రాదు కదా.

ఓనరమ్మ డైలాగు మార్చి, ఐదో పేజీ పెంచి, ఈ రెండు పేజీలే పంపు. పదకొండో పేజీలో నాలుగుసార్లు వాడిన "కూల్" సంగతి ఆ తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య